పాలేరు దాటిన బండి

మా మామయ్యగారు ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేశారు. అందులో సగానికి పైగా గుంటూరు–హైదరాబాదు సర్వీసే. డిపోలో డ్రైవరు పనితనం తెలిసేది కేఎంపీఎల్‌తోనే. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు లాగాడన్న లెక్క అది. నాతో పాటు కరెంటు కారులో గుంటూరు వెళ్లడానికి హైదరాబాదు వచ్చిన రోజే ఆయన కూకట్‌పల్లిలో పొడుగు నోటుబుక్కు ఒకటి కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి గళ్లు కొట్టారు. తేదీ, ఊరు, మీటరు, శాతం, యూనిట్లు, డబ్బులు. "డీజిలైనా కరెంటైనా లెక్క లెక్కేనమ్మాయ్" అన్నారు. ఇక్కడ నేను రాసే అంకెలు చాలావరకు ఆ పుస్తకంలోవే.

అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయింది. గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు, ఇద్దరూ పెద్దవాళ్లు. నా పని ఎక్కడినుంచైనా చేసుకునేదే. అందుకని ముందు నేను వెళ్లిపోవాలని, మా ఆయన, బాబు తర్వాత రావాలని అనుకున్నాం. సామాను లారీలో వెళ్లింది. కారు మాత్రం నేనే నడుపుకుంటూ వెళ్లాలనుకున్నాను. నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేక మామయ్యగారు రైలెక్కి హైదరాబాదు వచ్చారు.

బయల్దేరే ముందు

కారును ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మకాం మార్చడమంటే ముందు కాగితాల్ని మార్చడం. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. అందుకు పాత ఊరి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, అది ఫారం 28. కొత్త ఊరిలో కొత్త నంబరు కోసం పెట్టే దరఖాస్తు ఫారం 27. ఎన్‌వోసీ అడగబోతే నా బండి మీద ఒక పాత చలానా బయటపడింది, కట్టేశాను. లోను తీరిపోయి ఎనిమిది నెలలైనా ఆర్సీలో బ్యాంకు పేరు తీయించలేదు. బ్యాంకు ఉత్తరం కోసం మూడుసార్లు తిరిగాను. రాష్ట్రం మారబోయే వాళ్లు ముందు ఈ లోను పేరు సంగతి చూసుకోండి, మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి.

గోడకు బిగించిన 7.2 కిలోవాట్ చార్జరును ఎలక్ట్రీషియన్ విప్పి ఇచ్చాడు. పాత దుప్పట్లో చుట్టి వెనక సీటులో పెట్టాను. దాని పక్కన తులసి కుండ. తులసిని లారీలో వేయొద్దని అత్తయ్యగారు ఫోన్లో మరీ మరీ చెప్పారు.

నవంబరు 14, శుక్రవారం: కూకట్‌పల్లి నుంచి జగ్గయ్యపేట

తెల్లవారుజామున ఐదున్నరకు బయల్దేరాం. బ్యాటరీ 100 శాతం. మాది 40.5 కిలోవాట్ అవర్ (అంటే 40.5 యూనిట్ల) బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్. మా వాడకంలో అంటే ఏసీ వేసుకుని, హైవే మీద 80 దాటకుండా వెళితే 260 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఇంటినుంచి విజయవాడ 295. దారిలో ఒక్కసారి చార్జింగ్ చాలు. సూర్యాపేటలో టిఫినూ చార్జింగూ ఒకేసారి కానిచ్చేద్దామని నా ఆలోచన.

ఎల్బీనగర్ దాటాక మామయ్యగారు నా కాలి వైపు చూడ్డం మొదలుపెట్టారు. "పెడలు తొక్కకు, ఆనించు. ముందు లారీ బ్రేకు లైటు వెలగబోయేది నీకు ముందే తెలియాల." నేను కాలు తీయగానే బండి దానంతటదే నెమ్మదించి, ఆ ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీలో వేసుకుంటుందని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. చౌటుప్పల్ దాటాక, "మేం బ్రేకు కొట్టినప్పుడల్లా ఆ డీజిలంతా వేడైపోయి గాల్లో కలిసిపోయేదిగా" అన్నారు. గొంతులో నిజంగా బాధ ఉంది. 31 ఏళ్లపాటు పొదుపు చేసిన మనిషి బాధ అది.

కార్తీకం కదా, ఆయన ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. నార్కట్‌పల్లిలో ఒక హోటలు దగ్గర ఆగి ఉల్లిపాయ లేని పెసరట్టు అడిగాం. పెనం దగ్గరున్న కుర్రాడు గరిటె పక్కనపెట్టి, పెనం మీద నీళ్లు చల్లి, గోనెపట్టాతో రెండుసార్లు తుడిచి, అప్పుడు పిండి పోశాడు. ఎవరూ చెప్పలేదతనికి. "మాల వేసుకున్నోళ్లు వస్తుంటరు కదా మేడం, అలవాటే" అన్నాడు. అల్లం, జీలకర్ర, పచ్చిమిర్చి, అంచులు కరకరమంటూ వచ్చింది. రెండు పెసరట్లు, రెండు కాఫీలు కలిపి 200. పుస్తకంలో అదీ ఎక్కింది.

సూర్యాపేట చేరేసరికి 155 కిలోమీటర్లు, 42 శాతం. చార్జరు తెర నల్లగా ఉంది. కాపలా ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి, "లైన్ మీద పని నడుస్తుంది సార్, రెండు గంటలైతది. జరసేపు కూసోండ్రి, నీడకు" అని కుర్చీలు వేశాడు. గంట కూర్చున్నాం. కోదాడలో ఇంకొకటి ఉందని ఫోను చెబుతోంది, లేచాం. వెళుతుంటే అతను పరుగెత్తుకొచ్చి, మామయ్యగారు మరిచిపోయిన కళ్లజోడు అందించాడు.

కోదాడలో కరెంటు ఉంది, చార్జరు పనిచేయలేదు. చార్జింగ్ గన్ను పెట్టగానే టిక్కుమని పట్టుకోవడం, అర నిమిషానికి వదిలేయడం. నాలుగుసార్లు ప్రయత్నించాను. హెల్ప్‌లైన్ అమ్మాయి దూరం నుంచే మిషన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసింది, అయినా అంతే. 200 కిలోమీటర్లు వచ్చాం, 25 శాతం ఉంది. విజయవాడ ఇంకా 95 కిలోమీటర్లు. నాకు గొంతు ఎండిపోయింది. మామయ్యగారు మాత్రం పుస్తకం మూసి, "జగ్గయ్యపేటలో వెల్డింగ్ షాపొకటుంది. ఉంటే అది ఉండాల" అన్నారు.

పాలేరు వాగు దగ్గర తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. 1956 నుంచి 2014 జూన్ 2 దాకా ఇక్కడ రాష్ట్ర సరిహద్దన్న ఊసే లేదు. ఆయన సర్వీసంతా అంతకు ముందుదే. 2024 సెప్టెంబరులో వరదొచ్చినప్పుడు గరికపాడు దగ్గర ఈ పాలేరే పొంగి హైదరాబాదు, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు వాగు అడుగున సన్నగా పారుతోంది. స్వాగతం బోర్డు దాటాం, అంతే. రోడ్డు అదే, ఎండ అదే, పక్క పొలంలో పత్తి అదే. అక్కడ మాట యాస మారుతుందేమోనని చెవి పెట్టాను. "మాట ఇక్కడ మారదమ్మాయ్, అది మునగాల దాటగానే మారిపోయింది" అన్నారు మామయ్యగారు. బస్సులో రోజూ వినేవారు కదా, ఆయన చెప్పిందే నిజమై ఉంటుంది.

వెల్డింగ్ షాపు ఉంది. పాత రేకుల షెడ్డు పోయి సిమెంటు స్లాబు వచ్చింది. లోపల నలభై ఏళ్ల మనిషి ఒకాయన గేటు చట్రం అతుకుతున్నాడు. మామయ్యగారు గుమ్మంలో నిలబడి, 1989లో తన బస్సు వెనక బంపరు ఊడితే రాత్రి పదకొండింటికి షాపు తెరిచి అతికిన మనిషి గురించి అడిగారు. ఆయన కళ్లద్దాలు పైకెత్తి, "మా నాయనేనండి. పోయి ఆరేళ్లయింది" అన్నాడు. ఇద్దరూ కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత ఆయనే అడిగాడు, "ఏం కావాలి పెద్దాయనా?"

పదిహేను యాంప్స్ ప్లగ్గు కావాలన్నాం. మిషన్ల పక్కనే ఉంది. "ఎర్తు బాగుందండి, వెల్డింగ్ షాపులో ఎర్తు లేకపోతే మేమే ఉండం" అన్నాడు. కారుతో వచ్చిన చిన్న చార్జరు పెట్టాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. నాకు ఒక్కసారిగా ఊపిరి తేలికైంది.

మూడు గంటలు ఉన్నాం. అంతసేపూ వెల్డింగ్ వెలుగు వైపు చూడొద్దని, నా కుర్చీని గోడ వైపు తిప్పి వేశాడాయన. వాళ్లావిడ ఇంట్లోంచి మజ్జిగ పంపింది. కరివేపాకు, అల్లం, కాస్త నిమ్మరసం. దారినపోయే వాళ్లు ఆగి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత తాగుద్దండీ?" మామయ్యగారు పుస్తకం తెరిచి చూపించేవారు. యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు. ఒక రైతు ఆ గళ్ల మీద వేలు పెట్టి కిందిదాకా చదివి, "బానే ఉంది లెక్క" అని వెళ్లాడు.

17 శాతంతో పెట్టిన బండి 39కి వచ్చింది. గోడ మీటరు పది యూనిట్లు తిరిగింది. మామయ్యగారు 300 ఇవ్వబోతే ఆయన వంద తీసుకున్నాడు. "కరెంటు డబ్బులు తీసుకుంటానండి, ప్లగ్గు డబ్బులు తీసుకోను."

అదే రాత్రి: సింగ్‌నగర్

చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల. 70 మీద నిలబెట్టి నడిపాను. బండి కరెంటుదైనా టోలు మామూలే, మూడు గేట్లకు కలిపి 300 దాకా అయింది. ఇబ్రహీంపట్నం దాటాక కొండ మీద అమ్మవారి గుడి దీపాలు కనిపించగానే మామయ్యగారు చేతులు జోడించారు. చీకటి పడ్డాక సింగ్‌నగర్‌లో మా ఆడపడుచు ఫ్లాటుకు చేరేసరికి 12 శాతం ఉంది.

ఆ అపార్టుమెంటు కింద పార్కింగులో చూసినదొకటి చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు వీళ్ల పార్కింగంతా నీళ్లే. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో స్తంభాల మీద ఇప్పటికీ మట్టి గీత ఉంది, నా భుజం ఎత్తున. వాళ్ల కరెంటు స్కూటరు రోజుల తరబడి ఆ నీళ్లలోనే ఉండిపోయింది. ఎండాక దాన్ని స్టార్ట్ చేయకుండా తోయించుకుని మెకానిక్‌కు అప్పజెప్పారు. మునిగిన బ్యాటరీని చూపించకుండా చార్జింగ్ పెట్టకూడదన్న సంగతి ఆ వీధిలో పిల్లలకు కూడా తెలుసిప్పుడు. ఆ తర్వాత పెట్టించిన చార్జింగ్ ప్లగ్గులన్నీ మట్టి గీతకు మూరెడు పైనే ఉన్నాయి. నేను చేయి చాచి, మునివేళ్ల మీద నిలబడి పెట్టాల్సి వచ్చింది.

అసోసియేషన్ సెక్రటరీగారు కిందికి వచ్చి, మీటరు రీడింగు రాసుకుని, యూనిట్‌కు పది రూపాయలన్నారు. పొద్దున మళ్లీ వచ్చి చూసి, రసీదు ఇచ్చారు. అతిథి బండికి కూడా రసీదు ఇచ్చే పద్ధతి నాకు చాలా నచ్చింది. ఇలా లెక్క తేలితే ఎవరికీ ఎవరి మీదా అనుమానం ఉండదు.

డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చే వేసవికి వాడూ తిరిగి వచ్చేస్తున్నాడు. వాడి కరెంటు కారును ఓడలో తెచ్చుకోవచ్చా అని అడిగాడు. వాడిన కారు మన దేశానికి తేవాలంటే స్టీరింగు కుడివైపు ఉండాలి, స్పీడు మీటరు కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైట్లు ఎడమ పక్కన నడిచే బళ్లకు సరిపడేలా ఉండాలి, బండి మూడేళ్లకు మించి పాతదై ఉండకూడదు. అక్కడి కారు మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. పైగా అక్కడి చార్జింగ్ నోరు వేరు, ఇక్కడ సీసీఎస్2 అనే రకం. "అమ్మేసి రారా, ఇక్కడ చూద్దాం" అన్నాను. ఆ బండిలోనే వాడి కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు.

నవంబరు 15, శనివారం: విజయవాడ నుంచి గుంటూరు

పొద్దున 100 శాతం. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్లో ఇడ్లీ తినకుండా విజయవాడ దాటడం మామయ్యగారికి ఇష్టం లేదు. ఇడ్లీ మీద వెన్న కరుగుతూ ఉంటుంది, పక్కన కారప్పొడి. వెన్న ముద్దను వేలితో ఇడ్లీ అంతా పులిమి, కారం అద్దుకుని తినాలని ఆయన చూపించారు.

అక్కడినుంచి ప్రకాశం బ్యారేజీకి వెళ్లబోయి కాలవ పక్కన ఒక మలుపు ముందే తిప్పేశాను. వన్‌టౌన్ సందుల్లో పడ్డాం. బట్టల మూటలు మోసే రిక్షాలు, తలుపులు తీస్తున్న షాపులు, రోడ్డంతా మనుషులే. మా బండికి చప్పుడుండదు కదా, వెనకనుంచి వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. హారను కొడితే అదిరిపడుతున్నారు. మామయ్యగారు అద్దం దించి, చేత్తో తలుపు మీద మెల్లగా తట్టుతూ, "బాబూ, కొంచెం... తల్లీ, కొంచెం" అంటూ వచ్చారు. తట్టిన చప్పుడుకు మనుషులు తిరిగి చూసి, నవ్వి, జరిగారు. ఒక మూటలాయన బండి ముందు నడుస్తూ పెద్దరోడ్డు దాకా దారి చూపించి వెళ్లాడు. అరకిలోమీటరుకు ఇరవై నిమిషాలు.

బ్యారేజీ మీద నెమ్మదిగా వెళ్లాం. 1957లో పూర్తయిన కట్ట, 70 గేట్లు. 2024 వరదలో 11.43 లక్షల క్యూసెక్కులు ఈ గేట్ల కిందనుంచే వెళ్లాయి. మేం వెళ్లిన పొద్దున మాత్రం నీళ్ల మీద పిట్టలు నడుస్తున్నంత నిశ్శబ్దంగా ఉంది.

మంగళగిరిలో పానకాల స్వామిని చూసుకున్నాం. స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం ప్రసాదంగా వదిలేస్తాడని నమ్మకం. బెల్లం, మిరియం, యాలకుల పానకం చేతిలో పోయించుకుని తాగాం. కొండ దిగుతుంటే మీటరులో కరెంటు వెనక్కి రావడం మామయ్యగారు కళ్లారా చూశారు. ఆ గీత పైకి లేచినప్పుడల్లా "అదిగో... అదిగో" అన్నారు. పెదకాకానిలో వాహన పూజ చేయించాం. పూజారిగారు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "స్టార్ట్ చేసి ముందుకు కదిలించండమ్మా" అన్నారు. నాలుగు కాయలూ నలిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇంజిను చప్పుడు లేనందువల్లే అది వినపడిందనుకుంటాను.

బ్రాడీపేటలో లైన్లు, అడ్డరోడ్ల నంబర్లే చిరునామా. ఇంటికి చేరగానే అత్తయ్యగారు చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి దిష్టి తీశారు. బండికి, నాకు, తులసి కుండకు కూడా. భోజనంలో గోంగూర పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి.

సాయంత్రం వరండాలో ప్లగ్గు పెడితే ఎర్ర దీపం వెలిగింది. ఇంకో ప్లగ్గు, అక్కడా ఎర్రదే. ఇంట్లో ఫ్రిజ్, మోటారు, గ్రైండరు అన్నీ నడుస్తున్నాయి. కారు మాత్రం కరెంటు తీసుకోనంది.

నవంబరు 16, ఆదివారం: వనభోజనం

తెనాలి వైపు మామయ్యగారి అన్నగారి నిమ్మతోటలో వనభోజనం. ఉసిరిచెట్టు కింద పూజ, విస్తళ్లలో కంద బచ్చలి కూర, పులిహోర, గుత్తివంకాయ, చక్రపొంగలి. కంద బచ్చలిలో ఆవపెట్టి చేశారు. ముక్కుకు ఘాటెక్కేంత ఆవ. మూడుసార్లు వడ్డించుకున్నాను.

భోజనాలయ్యాక పెద్దమామయ్యగారు, "మీ బండిని మోటారు షెడ్డు దగ్గర పెట్టండి, కరెంటు ఉందిగా, డబ్బులు కూడా లేవు" అన్నారు. మన రాష్ట్రంలో వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు ఉచితంగా ఇచ్చే కరెంటది. మా మామయ్యగారు విస్తరి మడుస్తూ, "వద్దన్నయ్యా. అది చెట్టుకిచ్చింది" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు ఎవరూ. అప్పటికి బండిలో 72 శాతం ఉంది, ఇంటికి చాలినంత.

నవంబరు 17, సోమవారం: రవాణా ఆఫీసు

కార్తీకంలో ఆఖరి సోమవారం. శివాలయాల దగ్గర జనం, ఆఫీసు దగ్గర మాత్రం పలచన. ఎన్‌వోసీ, ఆర్సీ, ఇన్సూరెన్సు, చిరునామా కాగితం. కరెంటు బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. బ్యాటరీ బళ్లకు ఆర్సీ ఫీజు, కొత్త నంబరు ఇచ్చే ఫీజు లేకుండా కేంద్రం 2021 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది, ఆ లాభం నాకూ దక్కింది. లైఫ్ టాక్సు లెక్క వేరు. అది బండి ఎప్పుడు కొన్నారు, ఎంత ధర, అప్పుడు ఏ పాలసీ నడుస్తోంది అన్నదాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది కాబట్టి నా అంకె చూసి ఎవరూ లెక్క కట్టుకోకూడదు.

తనిఖీకి వచ్చినాయన చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీసుకోవాలన్నారు. ముందు సీటు దగ్గర మ్యాటు ఎత్తి, చెక్కిన అక్షరాల మీద సన్న కాగితం పరిచి, పెన్సిల్ మొన పక్కకు వాల్చి, మెల్లగా రుద్దారు. నల్లటి పూతలోంచి ఒక్కో అక్షరం తెల్లగా పైకి తేలుతూ వచ్చింది. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దుకున్న ఆటే. ఆ కాగితాన్ని ఫారానికి అంటించి, ఇంజిను నంబరు గడి దగ్గర ఆగి, "మోటారు నంబరు రాద్దామమ్మా" అని ఆర్సీ చూసి నింపారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎర్తింగ్ చూసుకున్నారా? పాత ఇళ్లలో ఇబ్బంది పెడుద్ది" అని ఆయనే అడిగారు. ఆయనకూ కరెంటు కారే ఉందట.

నవంబరు 19, బుధవారం: ఎర్తు గుంత

ఎలక్ట్రీషియన్ వచ్చి న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మీటరు పెడితే 42 వోల్టులు చూపించింది. రెండు మూడు వోల్టులు దాటకూడదు. యాభై ఏళ్ల కింద వేసిన ఎర్తు తీగ గోడలోనే తెగిపోయి ఉంది. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో గ్రైండరు పట్టుకుంటే చేయి జివ్వుమనేదని అత్తయ్యగారు అప్పుడు చెప్పారు. "తడిచేత్తో ముట్టుకుంటే అంతేలే అనుకునేదాన్ని" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. కారు కాబట్టి వద్దని చెప్పగలిగింది. మనుషులు సర్దుకుపోయారు.

పెరట్లో ఎనిమిది అడుగుల గుంత తవ్వారు. పైన ఎర్రమట్టి, తర్వాత జిగట నల్లరేగడి. పారకు అంటుకుని వదలడం లేదు. "ఈ మట్టిలో తడి నిలుస్తుందండి, ఎర్తుకు ఇదే మంచిది" అన్నాడతను. మధ్యలో పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేయడం పాత పద్ధతి. ఉప్పు పైపును తినేస్తుందని, ఉప్పుకు బదులు ఇప్పుడు దొరికే పొడి వేయమని నేను అడిగాను. వెయ్యి రూపాయలు ఎక్కువైంది, అన్నీ కలిపి 6,500. నీళ్లు పోసి, మూత పెట్టి, మళ్లీ మీటరు పెడితే 1.8. చార్జరు పెట్టగానే ఆకుపచ్చ దీపం. అత్తయ్యగారు వెళ్లి గ్రైండరు మీద చేయి పెట్టి చూసుకున్నారు.

గోడ చార్జరు బిగించడానికి ఇంటి లోడు పెంచాలి, దరఖాస్తు పెట్టాం. అప్పటిదాకా పదిహేను యాంప్స్ ప్లగ్గే. రాత్రి మామయ్యగారు బిల్లు లెక్క వేశారు. మా ఇంటి వాడకం నెలకు 280 యూనిట్ల దాకా ఉంటుంది. కారుకు ఇంకో 150 కలిస్తే, 400 దాకా యూనిట్ 8.75, ఆపైన 9.75. కారు వాటా 1,342 రూపాయల యాభై పైసలు, మిగతా సర్దుబాటు చార్జీలు కాక. దాంతో 975 కిలోమీటర్లు. కిలోమీటరుకు దాదాపు రూపాయి ముప్పై ఎనిమిది పైసలు. ఆయన ఆ అంకె కింద రెండు గీతలు గీశారు.

నవంబరు 27, గురువారం

మధ్యాహ్నం ఫోనుకు మెసేజి వచ్చింది, కొత్త నంబరు వచ్చేసిందని. టీఎస్ పోయి ఏపీ. ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలే, పలక రావడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది. వచ్చాక ఫాస్టాగ్, ఇన్సూరెన్సు కూడా మార్పించాలి. మామయ్యగారికి చదివి వినిపించాను. ఆయన పుస్తకంలో పాత లెక్క కింద గీత కొట్టి, పేజీ తిప్పి, పైన మధ్యలో కొత్త నంబరు రాశారు. మళ్లీ గళ్లు కొట్టారు. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో గుంటూరు.

"అమ్మాయ్, మీటరెంతుందో, శాతమెంతుందో చూసి చెప్పు."

తాళం తీసుకుని లేచాను. లోపలినుంచి అత్తయ్యగారు, "ఎలాగూ బయటికెళ్తున్నావు, తులసికి నీళ్లు పోసిరా" అన్నారు.